‘ది బిగ్ స్లీప్’ రెండు కూర్పులు: నువార్ చిత్రంలో తారాజంట స్థానం

1940ల హాలీవుడ్ నేరకథాచిత్రాలలో ఒక వర్గాన్ని ఫ్రెంచి విమర్శకుడు నీనో ఫ్రాంక్ 1946లో ‘ఫిల్మ్ నువార్’ అని పేర్కొన్నాడు. గాఢమైన నీడలు, నైతిక సందిగ్ధత, చిక్కుముడి వంటి కథ వీటి లక్షణాలుగా స్థిరపడ్డాయి. ఈ చిత్రాల ఆకర్షణలో తారాజంట పాత్ర ఎంతటిదో ‘ది బిగ్ స్లీప్’ నిర్మాణచరిత్ర నిరూపిస్తుంది.

రేమండ్ చాండ్లర్ నవల (1939) ఆధారంగా హవర్డ్ హాక్స్ రూపొందించిన ఈ చిత్రంలో హంఫ్రీ బోగార్ట్, లారెన్ బకాల్ నాయికానాయకులు. ‘టు హావ్ అండ్ హావ్ నాట్’ (1944)తోనే ఈ జంట జనాదరణ పొందింది. 1945 నాటి తొలి కూర్పును విదేశాలలోని అమెరికన్ సైనికులకు మాత్రమే ప్రదర్శించారు. ఆ ఏడాదే ‘కాన్ఫిడెన్షియల్ ఏజెంట్’లో బకాల్ నటన తీవ్రవిమర్శకు గురైంది. ఆమె ఏజెంటు చార్లెస్ ఫెల్డ్‌మన్ అభ్యర్థనపై నిర్మాత జాక్ వార్నర్ అదనపు దృశ్యాలకు అంగీకరించాడు. 1946 ఆరంభంలో వాటిని చిత్రీకరించారు. గుర్రప్పందేల పరిభాషలో సాగే ప్రసిద్ధ సరససంభాషణ అప్పుడు చేరినదే. డిస్ట్రిక్ట్ అటార్నీ కార్యాలయంలో హత్యల వరుసను విడమరచే దృశ్యం తొలగిపోయింది. 1946 ఆగస్టులో విడుదలైనది ఈ రెండవ కూర్పే.

పాఠాంతరాలను పోల్చినప్పుడు కథాస్పష్టత తగ్గి, జంట ప్రాధాన్యం పెరిగినట్లు తేలుతుంది. దీనిని కేవలం వ్యాపారదృష్టిగా పరిగణించడం సమగ్రం కాదు. ప్రొడక్షన్ కోడ్ వాచ్యంగా అనుమతించని శృంగారం ఇక్కడ ధ్వనిమార్గాన్ని ఆశ్రయించింది. ఎవరినీ విశ్వసించలేని నువార్ లోకంలో, మాటకు మాట దీటుగా చెప్పగల ఇద్దరి సాన్నిహిత్యమే ప్రేక్షకునికి మిగిలిన ఆధారం. 1997లో తొలి కూర్పు ప్రేక్షకుల ముందుకు రావడంతో ఈ పరిణామాన్ని దృశ్యానుక్రమంగా పరిశీలించే అవకాశం కలిగింది.