గుమ్మడికాయ మసాలా వెనక మన మచిలీపట్నం

ఫిల్మ్‌నగర్‌లో "గుమ్మడికాయ కొట్టేశారు" అంటే వంట సంగతి అని ఎవరూ అనుకోరు. షూటింగ్ అయిపోయిందని అర్థం. కొబ్బరికాయతో మొదలైన సినిమా గుమ్మడికాయతో ముగుస్తుంది. ఆ కొట్టేది బూడిద గుమ్మడి. అక్కడినుంచి కాస్త ముందుకొచ్చి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో జూబ్లీహిల్స్‌లో ఏ కాఫీ షాపులోకో బేకరీలోకో వెళ్ళారంటే ఇంకో గుమ్మడికాయ మాట చెవిన పడుతుంది. పంప్‌కిన్ స్పైస్! కేకుల్లో, కాఫీలో, కుకీల్లో అదే. ఆన్‌లైన్‌లో చిన్న సీసా ధర చూస్తే గుండె ఝల్లుమంటుంది.

ఇంతకీ ఆ సీసాలో గుమ్మడికాయ ఉండదు. దాల్చిన చెక్క, సొంఠి, జాజికాయ, లవంగం. కొందరు ఆల్‌స్పైస్ అనే జమైకా గింజల పొడి కూడా కలుపుతారు. గుమ్మడికాయ గుజ్జుతో చేసే తీపి పైలో వేసే మసాలా కాబట్టి ఆ పేరొచ్చింది. మన సాంబారు పొడిలో సాంబారు ఉండదు కదా, అలాగే.

అమెరికాలో పుట్టిన మొదటి వంటల పుస్తకంగా చెప్పే "అమెరికన్ కుకరీ" 1796లో అచ్చయింది. రాసింది అమేలియా సిమ్మన్స్ అనే ఆవిడ. పుస్తకం మీద తనను తాను ఒక అమెరికన్ అనాథనని చెప్పుకుంది. అందులోని గుమ్మడికాయ వంటకాల్లో అప్పటికే జాజికాయ, జాపత్రి, అల్లం ఉన్నాయి. ఆ తర్వాత తరాల ఆడవాళ్ళందరూ ఎవరి చేతి కొలతతో వాళ్ళు ఈ పొడి కలుపుకున్నారు. 1934లో మెక్‌కార్మిక్ అనే మసాలాల కంపెనీ దాన్ని ముందే కలిపి డబ్బాలో పెట్టి అమ్మింది. 2003లో స్టార్‌బక్స్ దాన్ని కాఫీలో వేసింది. వందేళ్ళకు పైగా వంటింట్లో పేరు లేకుండా ఉన్న పొడికి, డబ్బాలోకి ఎక్కాక పేరొచ్చింది. మన అమ్మమ్మల పొడులకూ ఇదే జరిగింది, ఇప్పుడు కూరపొడి కూడా ప్యాకెట్లో కొంటున్నాం.

సరే, ఆ జాజికాయ అమెరికాకు ఎలా వెళ్ళింది? అక్కడే మన కథ మొదలవుతుంది.

జాజికాయ మన దేశపు చెట్టు కాదు. లవంగం కూడా కాదు. ఇప్పటి ఇండోనేషియాలోని మొలక్కా దీవుల్లో లవంగం పుట్టింది, ఆ పక్కనే ఉన్న చిన్న చిన్న బండా దీవుల్లో జాజికాయ పుట్టింది. ఒకే పండులో లోపలి గింజ జాజికాయ అయితే, దాన్ని ఎర్రటి వలలాగా చుట్టుకుని ఉండేది జాపత్రి. పరాయి గడ్డ మీద పుట్టినా ఇవి మనకు ఏనాటినుంచో బంధువులే. మన కావ్యాల్లో కర్పూర తాంబూలం లేని వైభవం ఉండదు. ఆ తాంబూలంలో చేరే సుగంధ ద్రవ్యాల్లో లవంగం, జాజికాయ ఉంటాయి. అంటే ఓడలు వచ్చేవన్నమాట. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం చదివితే ఆ వర్తకం కళ్ళకు కడుతుంది. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు రాజులు లాగేసుకునే రోజులవి. తాను అలా చేయనని, సుంకం మాత్రమే తీసుకుంటానని ఆయన రాతి మీద చెక్కించాడు. సుంకం కట్టాల్సిన సరుకుల్లో చందనం, కర్పూరం, పన్నీరు, మిరియాలు, వక్కలు ఉన్నాయి. ఆ మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఒక చిన్న ఊరు.

తర్వాతి వంతు మచిలీపట్నానిది. 1605లో డచ్చి వాళ్ళ ఓడ అక్కడికి చేరింది. హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలమది. డచ్చి వాళ్ళకు కావలసింది మసాలా దినుసులు. మరి మన రేవుకెందుకొచ్చారు? ఎందుకంటే ఆ దీవుల వాళ్ళకు వెండి నాణేల కన్నా బట్ట కావాలి, అదీ మన కోరమాండల్ తీరపు బట్ట. కృష్ణా, గోదావరి మండలాల్లో మన నేతగాళ్ళు నేసిన బట్టలు, అద్దకం పనివాళ్ళు రంగులద్దిన బట్టలు ఓడలెక్కి తూర్పుకు వెళ్ళేవి. వాటికి బదులుగా లవంగాలు, జాజికాయలు వచ్చేవి. ఐరోపా వంటిళ్ళకు చేరిన జాజికాయల్లో ఎన్నిటికి మన మగ్గం వెల కట్టిందో!

ఈ కథలో నెత్తురు కూడా ఉంది. జాజికాయ తమకు తప్ప ఇంకెవరికీ దక్కకూడదని డచ్చి కంపెనీ 1621లో బండా దీవుల మీద పడింది. సేనాని పేరు యాన్ పీటర్‌సూన్ కూన్. దాదాపు 15 వేల మంది ఉండేవారని చరిత్రకారుల అంచనా. చంపినవాళ్ళు, ఆకలితో పోయినవాళ్ళు, బానిసలుగా తరలించినవాళ్ళు పోగా మిగిలింది వెయ్యి మంది వరకే అంటారు. ఆ తోటల్లో పనికి బయటినుంచి బానిసలను తెచ్చారు. 1667లో బ్రెడా సంధి జరిగినప్పుడు బండాల్లోని రన్ అనే చిట్టి దీవి డచ్చి వాళ్ళకు ఖాయమైంది, అమెరికాలోని మాన్‌హాటన్ ఇంగ్లీషు వాళ్ళకు మిగిలింది. ఇవాళ న్యూయార్క్‌లో మన పిల్లలు పంప్‌కిన్ స్పైస్ కాఫీ తాగే చోటు, ఒకప్పుడు జాజికాయ దీవితో పాటు ఒకే బేరంలో తేలిన నేల. ఆ గుత్తాధిపత్యం తర్వాత నిలవలేదు. ఫ్రెంచి వాళ్ళు మొక్కలు దొంగతనంగా పట్టుకెళ్ళారు, ఇంగ్లీషు వాళ్ళు వేరే దేశాల్లో నాటారు. ఇప్పుడు కేరళలో కూడా జాజికాయ పండుతోంది.

ఇక గుమ్మడికాయ. దిష్టి తీసే బూడిద గుమ్మడి ఆసియాదే. కానీ మనం దప్పళంలో వేసే తీపి గుమ్మడి పుట్టిల్లు అమెరికా ఖండం. మిరపకాయలాగే సముద్రం దాటి వచ్చింది. వచ్చి ఎంత మనదైపోయిందంటే, తెలంగాణలో బతుకమ్మను గుమ్మడి ఆకుల మీద పేరుస్తారు, గుమ్మడి పువ్వును గౌరమ్మగా పెడతారు. వాళ్ళ కాయ మనకొచ్చి దేవతయింది, మనవైపు ఓడరేవుల మీదుగా వెళ్ళిన దినుసులు వాళ్ళకు పండగ మసాలా అయ్యాయి. రెండూ కలిసేది శరదృతువులోనే.

మసాలా వేసి బేకింగ్ చేయడం కూడా ఈ ఊరికి కొత్త కాదు. మొహర్రం నెలలో నాంపల్లి, పాతబస్తీ బేకరీల్లో రవ్వ, నెయ్యి, యాలకులతో దమ్ కా రోట్ చేస్తారు. సికింద్రాబాదు కంటోన్మెంటు వైపు క్రిస్మస్ ప్లమ్ కేకులో దాల్చిన చెక్క, జాజికాయ వాసన గుప్పుమంటుంది. ఓవెన్లు లేని రోజుల్లో కుక్కర్లో ఇసుక పోసి కేకు చేసిన అమ్మలు మనలో చాలామందికి ఉన్నారు.

కాబట్టి సీసా కొనకండి, ఇంట్లోనే చేసుకోండి. దాల్చిన చెక్క పొడి 4 చెంచాలు, సొంఠి పొడి 2 చెంచాలు, జాజికాయ పొడి 1 చెంచా, లవంగాల పొడి అర చెంచా. ఆల్‌స్పైస్ లేకపోతే చిటికెడు మిరియాల పొడి చాలు. దాల్చిన చెక్క, లవంగాలు సన్నటి సెగ మీద వేడెక్కనిచ్చి, చల్లారాక పొడి కొట్టి జల్లించండి. జాజికాయను వేయించొద్దు, సన్న తురుముపీట మీద తురమండి. బజారులో దాల్చిన చెక్క పేరుతో దొరికే దళసరి బెరడు చాలావరకు కాసియా, ఘాటెక్కువ. కాగితపు చుట్టలా పలచగా ఉండేది సిలోన్ రకం, తీపి వంటలకు అదే బాగుంటుంది. బేగంబజారులో రెండూ అడిగి చూసి తెచ్చుకోవచ్చు. ఒక కేకుకు చెంచా పొడి సరిపోతుంది. జాజికాయ మాత్రం కొలత మించితే మంచిది కాదు. సానరాయి మీద ఒక్క గీత అరగదీసి పసిపిల్లలకు పట్టిన పెద్దవాళ్ళకు ఆ సంగతి బాగా తెలుసు.

పొడి గాజు సీసాలో పోసి, మూత మీద పేరు రాసుకునేటప్పుడు ఏం రాయాలన్నది మీ ఇష్టం. నేనైతే తెలుగులోనే "గుమ్మడి మసాలా" అని రాశాను. పిల్లలు ఇదెక్కడిదని అడిగితే, బండా దీవుల వాళ్ళ గురించీ, మచిలీపట్నం బట్ట గురించీ చెబుతున్నాను. కేకు ఉడికేందుకు ఎలాగూ నలభై నిమిషాలు పడుతుంది, కథకు సరిగ్గా సరిపోతుంది.