సర్ఖా అందామా, ఇస్తిఫాదా అందామా?

స్కూల్లో మా ఉర్దూ ఉస్తాద్ షాయరీ చెప్తూ మూడు లఫ్జులు నేర్పారు. ఇంకొకరి ఖయాల్ గుట్టుగా ఎత్తుకొస్తే సర్ఖా. ఒకరికొకరు తెలియని ఇద్దరికి ఒకే ఖయాల్ తడితే తవారుద్. పెద్దల కలామ్ చదువుకుని, దానికి తనది కలిపి ముందుకు నడిపిస్తే ఇస్తిఫాదా. పెద్ద టెక్ కంపెనీలు సొంతంగా కనిపెడతాయా, నకల్ కొడతాయా అన్న బహస్ లేచినప్పుడల్లా ఈ మూడూ గుర్తొస్తాయి. బహస్ చేసేవాళ్లు మొదటి లఫ్జ్ దగ్గరే ఆగిపోతారు మరి.

అందరి నోటా ఉన్న కిస్సా ఇది: యాపిల్ జిరాక్స్‌ని దోచింది, యాపిల్‌ని మైక్రోసాఫ్ట్ దోచింది. (మన బజార్లో జిరాక్స్ అంటేనే నకల్. నకల్ కొట్టించుకున్నది కూడా ఆ కంపెనీయేనట!) కిస్సా మజాగానే ఉంది. తారీఖులు చూస్తే అంత సీదాగా లేదు.

మౌస్ అసలు జిరాక్స్‌ది కాదు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనకు 1964లో బిల్ ఇంగ్లిష్ చెక్కతో రూపమిచ్చాడు, స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దాన్ని నిండు సభలో నడిపి చూపించాడు. 1970లో జిరాక్స్ పాలో ఆల్టోలో పార్క్ అనే పరిశోధన కేంద్రం తెరిచింది. ఇంగ్లిష్‌తో పాటు ఎంగెల్‌బార్ట్ మనుషులు కొందరు అక్కడ చేరారు. వాళ్ల వెంట మౌస్ కూడా వెళ్లింది. 1973లో పార్క్‌లో తయారైన ఆల్టో కంప్యూటర్‌కి మౌస్ ఉంది. విండోలు, మెనూలు కూడా ఆ దశాబ్దంలోనే దాని తెర మీదికొచ్చాయి.

1979 చివర్లో స్టీవ్ జాబ్స్ తన వాళ్లతో పార్క్‌కి వెళ్లాడు. గోడ దూకి కాదు, సౌదా కుదుర్చుకుని. పబ్లిక్ ఇష్యూకి ముందే లక్ష యాపిల్ షేర్లు 10 లక్షల డాలర్లకు కొనుక్కోనిచ్చినందుకు జిరాక్స్ తలుపు తీసింది. పార్క్‌లో పనిచేసే ఆడెల్ గోల్డ్‌బర్గ్ మాత్రం చూపించనని జగడం పెట్టుకుంది. పైనుంచి హుకుం వచ్చాకే చూపించింది. ఈ కిస్సాలో నాకు నచ్చిన మనిషి ఆమే. చేతినుంచి ఏం జారిపోతోందో తన మాలిక్‌ల కంటే ఆమెకే బాగా తెలుసు.

ఆ రోజు వెళ్లినవాళ్లలో యాపిల్ ప్రోగ్రామర్ బిల్ అట్కిన్సన్ ఉన్నాడు. ఒకదాని మీద ఒకటి పడిన విండోల్లో కింద ఉన్నవి కూడా తమంతట తామే సరిగ్గా గీసుకుంటున్నాయని అక్కడ చూశాననుకున్నాడు. వాళ్లు చేశారంటే నేనూ చేయగలనని కూర్చుని సాధించాడు. తర్వాత తెలిసింది, పార్క్‌లో అది అసలు జరగనేలేదని! నకల్ చేయబోయి ఇజాద్ చేశాడు. దీన్ని సర్ఖా అనడానికి నాకు మనసొప్పదు. 1981లో జిరాక్స్ తానే అమ్మకానికి తెచ్చిన స్టార్ ధర 16 వేల డాలర్లు దాటింది. 1984లో మెకింతోష్ 2,495 డాలర్లకే వచ్చింది.

ఇంతవరకు ఇస్తిఫాదాయే. నాకు కోపం వచ్చేది ఆ తర్వాతి వర్క్‌లో. 1988లో యాపిల్ మైక్రోసాఫ్ట్ మీద ముకద్దమా వేసింది, విండోస్ రూపురేఖలు తమవేనని. ఉస్తాద్ ఇంట్లో నేర్చుకున్న షాగిర్ద్, బయటికొచ్చి వీధి తలుపుకి తాళం వేసినట్టు. మైక్రోసాఫ్ట్ ఏమీ మాసూమ్ కాదు. మెకింతోష్ కోసం సాఫ్ట్‌వేర్ రాస్తూనే విండోస్ కట్టింది. కానీ దాని జేబులో 1985 నాటి ఒక కాగితం ఉంది, యాపిల్ స్వయంగా దస్తఖత్ చేసిన లైసెన్స్. గొడవపడిన 189 అంశాల్లో 179 ఆ కాగితం కిందికే వస్తాయని అదాలత్ తేల్చింది. మిగిలిన వాటిలోనూ చాలావరకు ఎవరికీ ఇజారా ఇవ్వలేమంది. 1994లో అపీలు కూడా పోయింది.

మధ్యలో, 1989 డిసెంబర్లో, జిరాక్స్‌కి కూడా హక్కు గుర్తొచ్చింది. యాపిల్ మీద దావా వేసింది. మరుసటి మార్చికల్లా జడ్జి అందులో చాలా భాగం కొట్టేశాడు.

మౌస్ పేటెంట్ ఎంగెల్‌బార్ట్ పేరు మీద కాదు, అతని ఇన్‌స్టిట్యూట్ పేరు మీద ఉండేది. మౌస్ మీద రాయల్టీగా అతనికి ఏమీ రాలేదు. ఆ పేటెంట్ గడువు 1987లో తీరిపోయింది, యాపిల్ అదాలత్ మెట్లెక్కడానికి ముందటి ఏడాది.