ఆవిడ అడిగిన గేరు

మా ఇంట్లో ఆటోమేటిక్ కారు కొన్న రోజున మావారన్న మాట ఇంకా నా చెవిలో వుంది. "ఇహ నీకు బెంగ లేదు. క్లచ్చీ లేదు, గేర్లూ లేవు. ఆడవాళ్ళకి ఇదే సుఖం!"

నేనూ నమ్మేశాను. ఆ నమ్మకంతోనే ఓ రోజు అత్తయ్యగారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తిరుమల నుంచి దిగుతున్నాను. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డది. 1974లో రెండోది వచ్చాక, ఎక్కడానికి అదీ, దిగడానికి ఇదీ అయింది. మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతున్నాను. సగం దూరం వచ్చేసరికి ఏదో మాడుతున్న వాసన.

"పొయ్యి ఆర్పకుండా వచ్చామా ఏమిటే?" అన్నారు అత్తయ్యగారు.

అంతలో బ్రేకు మెత్తబడి కాలికింద దిగిపోసాగింది. నా గుండె అంతకంటే ముందే దిగిపోయింది.

ఎలాగో కారు పక్కకి తీసి ఆపాను. వెనకే వచ్చిన టాక్సీ డ్రైవరు దిగి చూశాడు. "బ్రేకు పట్టుకోనే దిగితే ఎట్లమ్మా? ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగల్ల."

"దీనికి గేర్లు లేవు నాయనా!"

అతను నవ్వి, గేరు రాడ్డు మీద 'డి' కింద వున్న 'ఎల్' చూపించాడు. "ఉండాయమ్మా. మీరు అడగల్ల, అంతే."

బ్రేకులు చల్లారేదాకా ఆగి, 'ఎల్'లో దిగాం. ఇంజను రొద పెట్టింది గానీ కారు బుద్ధిగా నడిచింది. ఆ 'అడగడం' అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. బి.ఏ.లో రాజుల దండయాత్రలన్నీ బట్టీ పట్టాను గానీ, ఈ గేర్ల కథ ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఇంటికొచ్చాక వెతుక్కుని చదివాను.

1888 ఆగస్టు. జర్మనీలో కార్ల్ బెంజ్ అనే ఇంజనీరు మూడు చక్రాల మోటారు బండి చేశాడు. కొనేవాళ్ళు లేరు. ఆయన భార్య బెర్తా, తన కట్నం డబ్బు కూడా ఆ ప్రయత్నంలో పెట్టిన ఇల్లాలు, భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైమాటే! ఇంధనం అయిపోతే మందుల షాపులో కొన్నది. గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. కొండ ఎక్కలేక బండి మొరాయిస్తే పిల్లలు తోశారు. దిగేటప్పుడు బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టే అతనిచేత వాటికి తోలు కొట్టించింది. తిరిగొచ్చాక భర్తతో చెప్పింది, కొండలకి ఇంకో చిన్న గేరు కావాలని. ఆయన పెట్టాడు.

ఆ తరవాతి కథంతా ఆ గేర్లని మార్చడం సులువు చెయ్యడమే. మొదట్లో గేరు మార్చాలంటే క్లచ్చి రెండుసార్లు తొక్కాల్సి వచ్చేది. లేకపోతే పళ్ళు కొరికిన చప్పుడు! 1928లో కాడిలాక్ వాళ్ళ సింక్రోమెష్ ఆ బాధ తీర్చింది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో క్లచ్చి పెడలే లేని హైడ్రామాటిక్ వచ్చింది.

అంటే గేర్లు పోలేదు. మార్చే పని మాత్రం బండి తీసుకుంది. చిన్న గేరులో ఇంజను ఎక్కువసార్లు తిరిగితేగాని చక్రం ఒక్కసారి తిరగదు. అందుకే ఎక్కేటప్పుడు లాగే బలం వస్తుంది. దిగేటప్పుడు అదే ఇంజను చక్రాన్ని వెనక్కి పట్టి వుంచుతుంది, బ్రేకుకి వూపిరి దొరుకుతుంది. 'డి'లో వదిలేస్తే, ముందున్నది లోయ అని చాలా బళ్ళకి తెలీదు. మనమే చెప్పాలి. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగడమైతే ఆ పట్టు కూడా వదిలేసుకోవడమే.

మొన్న మళ్ళీ కొండకి వెళ్ళాం. దిగేటప్పుడు మావారు నడిపారు. రెండు మలుపులు బ్రేకు మీదే తీశారు.

"'ఎల్'లో వెయ్యండి" అన్నాను.

"గేర్లు లేని కారుకి ఈ గేరెక్కడిది?" అన్నారాయన.

"ఇద్దరు పిల్లల తల్లి ఒకావిడ వాళ్ళాయన్ని అడిగి పెట్టించింది లెండి" అన్నాను.

వెనకనుంచి అత్తయ్యగారు, "వెయ్యరా అబ్బాయ్, అది చెప్పినట్టు" అన్నారు.

వేశారు.