పాత ఫోటోలను కంప్యూటర్‌లో బాగుచేసుకోవడం ఎలా?

బామ్ని, బల్లార్‌పూర్ ప్రాంతంలో తరాలుగా స్థిరపడిన మన తెలుగు ఇళ్లలో తాతముత్తాతల గుర్తుగా మిగిలినవి చాలాచోట్ల ఒకటి రెండు ఫోటోలే. ఏటా వానాకాలపు చెమ్మకు అవి పాడవుతున్నాయి. ఇంకా ఆలస్యం చేయకుండా వాటిని కాపాడుకోవాలి.

ఫోటోను దిద్దడం కొత్త విద్యేమీ కాదు. పూర్వం స్టూడియోవారు నెగెటివ్ మీద సన్నని పెన్సిల్‌తో ముఖంలోని మచ్చలు కప్పేవారు, నలుపు తెలుపు ఫోటోకు చేత్తో రంగులద్దేవారు. 1990లో ఫోటోషాప్, 1996లో జింప్ వచ్చాక ఆ పని క్రమంగా కంప్యూటర్‌కు మారింది. జింప్‌ను ఉచితంగా వాడుకోవచ్చు.

ముందుగా స్కాన్: ఫోటోను 600 డీపీఐలో స్కాన్ చేసి, టిఫ్ ఫైలుగా దాచాలి. జేపెగ్‌లో దిద్ది సేవ్ చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. ఫోటో వెనుక పేర్లు, తేదీ రాసి ఉంటే ఆ వైపూ స్కాన్ చేయాలి. అద్దానికి అతుక్కున్న ఫోటోను లాగవద్దు. అద్దంతోనే స్కాన్ చేయాలి.

తరువాత దిద్దుబాటు: అసలు ఫైలును ముట్టకుండా దాని నకలు మీదే పని చేయాలి. వెలిసిన ఫోటోకు ‘లెవెల్స్’తో నలుపు తెలుపులు సరిచేయాలి. గీతలకు, చిన్న మచ్చలకు ‘హీల్’, చిరిగిన చోటికి ‘క్లోన్’ వాడాలి.

ముఖం దగ్గర జాగ్రత్త: ఇప్పుడు మొబైల్ యాప్‌లు చెరిగిన ముఖాన్ని క్షణంలో కొత్తగా చేసి ఇస్తున్నాయి. అందులోని కళ్లు, పెదవులు యాప్ ఊహించినవి. చూడటానికి బాగుంటుంది గాని, ఆ ముఖం మన తాతది కాదు. ఆయనను కళ్లారా చూసినవారు తగ్గిపోతున్నారు; రేపు మనవలు ఆ బొమ్మనే తాత అనుకుంటారు. చెరిగిన చోటు చెరిగినట్టే ఉంచడం మంచిది.

పత్రాల జోలికి పోవద్దు: మహారాష్ట్రలో క్యాస్ట్ వాలిడిటీకి ఎస్సీలకు 1950 ఆగస్టు 10, ఓబీసీలకు 1967 అక్టోబర్ 13 నాటికి ఇక్కడే ఉన్నట్టు ఆధారాలు అడుగుతారు. అందుకు చూపే పాత బడి సర్టిఫికెట్ల స్కాన్‌లో ఒక్క అక్షరం కూడా దిద్దరాదు. మాసిన అక్షరం కనబడాలని చేసినా అది ఫోర్జరీ అనిపించుకునే ప్రమాదం ఉంది. పిల్లల చదువు, ఉద్యోగం దాని మీదే ఆధారపడి ఉంటాయి.

పని పూర్తయ్యాక అసలు స్కాన్, దిద్దిన ఫోటో రెండింటినీ రెండు వేరువేరు చోట్ల దాచండి. ఫోటోలో ఎవరెవరున్నారో ఇంటి పెద్దలను అడిగి ఇప్పుడే రాసి పెట్టుకోండి. పేర్లు మరచిపోతే వాటిని తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్ లేదు.