ఎద్దునాలుక ఏ మొక్క? - గావ్‌జబాన్ గుర్తింపు చరిత్ర

యునానీ వైద్యంతో ఏ కొద్దిపాటి పరిచయమున్న వారికైనా గావ్‌జబాన్ అనే పేరు కొత్త కాదు. గుండెదడకు, మనోవ్యాకులతకు, దగ్గు జలుబులకు హకీములు వ్రాసే నుస్ఖాలలో బర్గె గావ్‌జబాన్ (ఆకు), గులె గావ్‌జబాన్ (పువ్వు) తరచుగా కనిపిస్తాయి. ఖమీరా గావ్‌జబాన్ డబ్బా ఉన్న ముస్లిం ఇళ్ళు మన ప్రాంతంలో అనేకం. పారశీకంలో గావ్ అంటే ఆవు లేక ఎద్దు. జబాన్ అంటే నాలుక. అరబీలో దీనినే లిసానుస్సౌర్ అన్నారు. అంతకు ముందు గ్రీకులు బూగ్లోసోస్ అన్నారు. మూడు భాషలలోనూ అర్థం ఒక్కటే: ఎద్దునాలుక. ఎద్దు నాలుక మీద గరుకు ఉన్నట్లు ఈ ఆకు మీద కూడా గరుకు ఉంటుంది కనుక ఆ పేరు వచ్చింది.

పేరు ఒక్కటే అయినప్పటికీ మొక్క ఒక్కటి కాదు. ఈ చిన్న విషయమే వెయ్యేళ్ళకు పైగా ముస్లిం పండితులను శ్రమపెట్టింది. ఆ శ్రమ చరిత్రను క్లుప్తంగా పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

దీనికి నా సొంత పొరపాటు ఒకటి కారణమయింది. కొన్నేళ్ళ క్రితం ఉర్దూ నుండి ఒక చిన్న వైద్య పుస్తకాన్ని తెలుగు చేస్తూ, గావ్‌జబాన్ అన్నచోటల్లా 'గోజిహ్వ' అని వ్రాశాను. గో అంటే ఆవు, జిహ్వ అంటే నాలుక. అనువాదం అక్షరాలా సరిపోయిందని సంతోషించాను కూడా. అచ్చు కాకముందు ఆ ప్రతిని చూసిన ఒక వృద్ధ హకీమ్ సాహెబ్ నన్ను కూర్చోబెట్టి, "మౌలానా, మీరు మాటను అనువదించారు, మందును మార్చివేశారు" అన్నారు. సంస్కృత గ్రంథాలలోని గోజిహ్వను పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన వేరొక మొక్కగా చెప్పే వైద్యులు చాలామంది ఉన్నారని అప్పటివరకు నాకు తెలియదు. మదర్సాలో నేర్చిన అరబీ గాని, విశ్వవిద్యాలయంలో నేర్చిన అనువాద సూత్రాలు గాని అక్కడ నన్ను ఆదుకోలేదు.

బాగ్దాద్: పేరు దొరకని చోట

మూలికల విషయంలో అరబ్బులకు ఆధారమైన గ్రంథం క్రీ.శ. 1వ శతాబ్దికి చెందిన డయాస్కరైడీస్ రచన. ఆయన ఆసియా మైనరులోని కిలికియా ప్రాంతీయుడు. ఆయనను అరబీలో దియస్కూరీదూస్ అంటారు. అబ్బాసీ ఖలీఫా ముతవక్కిల్ కాలంలో (847-861) బాగ్దాద్‌లో ఇస్తిఫాన్ ఇబ్ను బసీల్ దానిని గ్రీకు నుండి అరబీలోకి అనువదించగా, సుప్రసిద్ధ అనువాదకుడు హునైన్ ఇబ్ను ఇస్హాఖ్ సరిచూశారు.

ఇస్తిఫాన్ అనుసరించిన పద్ధతి గమనించదగినది. ఏ మొక్కకు అరబీ పేరు తనకు తెలుసునో దానికి ఆ పేరు వ్రాశాడు. తెలియని దానికి పేరు కల్పించలేదు. గ్రీకు పేరునే అరబీ లిపిలో ఉంచివేశాడు. తన తరువాత వచ్చేవారిలో దానిని ఎరిగినవానిని అల్లాహ్ పంపుతాడన్న ఆశతో అలా వదలిపెట్టాడని స్పెయిన్ వైద్యుడు ఇబ్ను జుల్‌జుల్ వివరించారు. తెలియదని ఒప్పుకోవడం కూడా అనువాదకుని ధర్మంలో భాగమేనని దీనివల్ల తెలుస్తున్నది.

ఖుర్తుబా: సన్యాసి, యూదు వైద్యుడు, ముస్లిం పండితులు

ఆ ఆశ ఫలించడానికి సుమారు నూరేళ్ళు పట్టింది. ఇబ్ను జుల్‌జుల్ కథనం ప్రకారం హిజ్రీ 337లో, అనగా 948 ప్రాంతంలో, కుస్తున్‌తునియా చక్రవర్తి ఖుర్తుబా ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్‌కు కానుకలు పంపాడు. వాటిలో మొక్కల చిత్రాలతో కూడిన దియస్కూరీదూస్ గ్రీకు ప్రతి ఒకటి ఉన్నది. అయితే ఖుర్తుబాలో ఆనాడు ప్రాచీన గ్రీకు చదవగలవారు లేరు. ఖలీఫా కోరిక మీద చక్రవర్తి నికొలస్ అనే సన్యాసిని పంపగా, అతడు 951లో వచ్చి చేరాడు. ఖలీఫా ఆస్థానంలోని యూదు వైద్యుడు హస్దాయ్ ఇబ్ను షప్రూత్, మరికొందరు ముస్లిం వైద్యులు అతనితో కలిసి కూర్చుని, బాగ్దాద్‌లో మిగిలిపోయిన పేర్లను ఒక్కొక్కటిగా తేల్చారు. యువకుడైన ఇబ్ను జుల్‌జుల్‌కు ఆ బృందంలోనివారితో పరిచయం ఉండేది. 982లో ఆయన ఆ పేర్లకు వివరణ గ్రంథం వ్రాశారు. గ్రీకు పుస్తకం, క్రైస్తవ సన్యాసి, యూదు వైద్యుడు, ముస్లిం పండితులు ఒకచోట చేరితే తప్ప ఆ పేర్లు తేలలేదు.

అల్-బీరూనీ: చుక్క తప్పితే మందు తప్పుతుంది

అల్-బీరూనీ యౌవనంలో ఉండగా వారి ఊరికి ఒక గ్రీకు దేశస్థుడు వచ్చాడు. గింజలు, విత్తనాలు, పండ్లు, మొక్కలు తీసుకుపోయి అతనికి చూపించి, వాటిని అతని భాషలో ఏమంటారో అడిగి వ్రాసుకునేవాడినని ఆయన స్వయంగా చెప్పుకున్నారు. వృద్ధాప్యంలో వ్రాసిన 'కితాబుస్సైదన'లో మందులకు అరబీ, గ్రీకు, సిరియాకు, పారశీక, భారతీయ భాషల పేర్లను సేకరించి పెట్టారు. ఈ గ్రంథాన్ని 1973లో కరాచీలో హకీమ్ ముహమ్మద్ సయీద్ ప్రచురింపజేశారు.

అరబీ లిపిలోని ఒక లోపాన్ని కూడా ఆయన దాచకుండా చెప్పారు. అక్షరాల రూపాలు ఒకటిగా ఉండి, చుక్కలతో మాత్రమే తేడా తెలుస్తుంది. లేఖకుడు చుక్క మరచినా, స్వరచిహ్నం వదిలినా పరభాషా నామం గుర్తుపట్టరానిదవుతుంది. ఇస్తిఫాన్ వంటివారు పదిలంగా ఉంచిన గ్రీకు పేర్లు చేతులు మారిన కొద్దీ చెడిపోయాయి. కనుక పేరు ఒక్కటే చాలదు. మొక్కను మొక్కగా గుర్తించే లక్షణం కావాలి.

ఇబ్ను సీనా: వేలితో చేసిన పరీక్ష

ఆ లక్షణాన్ని చూపినవారు అల్-బీరూనీ సమకాలికుడైన ఇబ్ను సీనా (మరణం 1037). 'అల్-ఖానూన్' రెండవ సంపుటంలో లిసానుస్సౌర్ గురించి ఆయన వ్రాసినదాని సారాంశం ఇది. ఇది వెడల్పు ఆకు గల మొక్క, చూపుకు మర్వ్ ఆకులా ఉంటుంది, తాకితే గరుకు, కాడలు మిడత కాళ్ళవలె గరుకుగా ఉంటాయి. వాడవలసినది ఖురాసాన్ రకం; దాని ఆకు దళసరి, ఆకు మీద చుక్కలుంటాయి; ఆ చుక్కలు ముళ్ళు లేక నూగు రాలిపోగా మిగిలిన మొదళ్ళు. తమ ప్రాంతపు వైద్యులు వాడుతున్నది చాలావరకు ఒక జాతి మర్వ్ మాత్రమేననీ, అది లిసానుస్సౌర్ కాదనీ, దాని గుణమివ్వదనీ ఆయన హెచ్చరించారు.

ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. మొక్క గుర్తింపులో ఇంత సూక్ష్మమైన మాట అరుదు. నూగు రాలిపోయినా దాని మొదలు చుక్కలాగా ఆకు మీద నిలిచిపోతుందన్నది ఈనాటి వృక్షశాస్త్రజ్ఞులు భూతద్దంతో చూపించే లక్షణమే. హైదరాబాదు పాతబస్తీలో ఒక పన్సారీ దుకాణంలో బర్గె గావ్‌జబాన్ అడిగి తీసుకుని, ఎండుటాకు మీద వేలు రాసి చూశాను. ఆ తెల్లని చుక్కలు కంటికీ కనిపించాయి, వేలికీ తగిలాయి.

షామ్: పుస్తకం చేతపట్టి కొండకు

13వ శతాబ్దికి వచ్చేసరికి విద్య పుస్తకం నుండి పొలానికి నడిచింది. స్పెయిన్‌లోని మాలఖాలో పుట్టిన ఇబ్నుల్ బైతార్ ఉత్తర ఆఫ్రికా గుండా ప్రయాణించి, ఈజిప్టు సుల్తాన్ అల్-మలికుల్ కామిల్ కొలువులో మూలికా నిపుణులకు పెద్ద అయ్యారు. ఆయన గ్రంథం 'అల్-జామిఅ'లో 1,400లకు పైగా ద్రవ్యాల వివరణ ఉన్నది. ఆయన 1248లో దమస్కులో మరణించారు. వైద్యుల చరిత్ర వ్రాసిన ఇబ్ను అబీ ఉసైబిఅ హిజ్రీ 633లో దమస్కులో ఆయనను కలిసి, ఊరి వెలుపల ఆయనతో కలిసి అనేక మొక్కలను పెరిగినచోటే చూశారు. ఇబ్నుల్ బైతార్ ప్రతి మొక్కకు గ్రీకు పేరు చెప్పి, దియస్కూరీదూస్ ఏమన్నాడో, జాలీనూస్ ఏమన్నాడో, తరువాతివారు ఎక్కడ పొరబడ్డారో వివరించేవారు. పైగా అది ఏ ప్రకరణంలో ఎన్నవ మందో కూడా చెప్పేవారట. శిష్యుడు పుస్తకం తెరచి సరిచూసుకునేవాడు.

అదే కాలంలో రషీదుద్దీన్ అస్సూరీ (జననం 1177) మరొక అడుగు వేశారు. రకరకాల రంగులు వెంట పెట్టుకున్న ఒక చిత్రకారుణ్ణి లెబనాన్ కొండలకు తీసుకువెళ్ళి, ఒకే మొక్కను మూడు దశలలో గీయించేవారు: మొలకెత్తిన లేత దశ, పూసి గింజ పట్టిన దశ, ఎండిన దశ. మందు కొనేవాడు చూసేది ఎండిన ఆకును. ఏరేవాడు చూసేది పచ్చి మొక్కను. ఈ రెండూ ఒకటేనని తెలియడానికి మూడు చిత్రాలూ కావలసిందే.

ఈనాటి శాస్త్రం ఏమంటున్నది?

ఐరోపా శాస్త్రజ్ఞులు ఈ మొక్కలను మొదట గరుకు ఆకుల వర్గం అన్నారు. 1789లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జుస్యూ వీటికి బోరాగో మొక్క పేరిట కుటుంబ నామం ఏర్పరచాడు. బోరాగో అనే లాటిన్ పేరు అరబీలోని 'అబూ అరఖ్' (చెమట పట్టించేది) నుండి వచ్చిందని కొందరు, గరుకు నూగు అన్న అర్థం గల లాటిన్ మాట నుండి వచ్చిందని మరికొందరు అంటారు.

ఈ కుటుంబాన్ని పొలంలో గుర్తించే ఆనవాళ్ళు నాలుగు. మొదటిది గరుకు నూగు. రెండవది, అనేక జాతులలో పూలగెల తేలుకొండిలా చుట్టుకుని ఉండి, పూస్తున్న కొద్దీ విచ్చుకోవడం. మూడవది, అయిదు రేకులు అడుగున కలిసి గొట్టంగా ఏర్పడడం. నాలుగవది, కాయ సాధారణంగా నాలుగు గట్టి పలుకులుగా విడిపోవడం.

తులసి కుటుంబంలో కూడా కాయ నాలుగు పలుకులే. ఇబ్ను సీనా తిరస్కరించిన మర్వ్ ఆ కుటుంబానిదే. కనుక గింజను చూసి మోసపోవచ్చు. అయితే తులసి జాతులలో కాడ నాలుగు పలకలుగా ఉంటుంది. ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. పువ్వు రెండు పెదవులుగా చీలుతుంది. ఎద్దునాలుక కుటుంబంలో కాడ గుండ్రన, ఆకులు ఒకటి విడిచి ఒకటి. ఈ సూత్రానికి కూడా మినహాయింపు మన పొలాల గట్ల మీదనే ఉన్నది. గువ్వగుత్తి (ట్రైకోడెస్మా ఇండికం) ఈ కుటుంబపు మొక్కే అయినా దాని కింది ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. దాని లేత నీలిపువ్వు నేలచూపు చూస్తుంది. ఆకు మీద అవే చుక్కల నూగు.

ఇక ఎద్దునాలుక అంటే ఏ మొక్క? దియస్కూరీదూస్ చెప్పినది ఆంకూసా జాతి అని పలువురు పండితుల అభిప్రాయం. మధ్యధరా తీరంలో బోరాగో అఫిసినాలిస్‌కు ఈ పేరు వచ్చింది. ఇరాన్‌లో గులె గావ్‌జబాన్ అంటే ఎకియం అమీనం పువ్వు. మన బజారులో ఆకు చాలావరకు కశ్మీరం నుండి కుమావూఁ వరకు హిమాలయాలలో పెరిగే ఒనోస్మా బ్రాక్టియేటం. గువ్వగుత్తిని కూడా దీనికి బదులుగా వాడడం ఉన్నది. పేరు గ్రీసు నుండి హైదరాబాదు దాకా ప్రయాణం చేసింది. మొక్క మాత్రం ప్రతి మజిలీలోనూ మారింది.

పొరపాటు ఖరీదు

ఏ ఆకైతేనేమి, అన్నీ ఒకే కుటుంబం కదా అని అనుకోరాదు. ఈ కుటుంబంలోని అనేక మొక్కలలో కాలేయాన్ని దెబ్బతీసే క్షారపదార్థాలు ఉన్నాయి. తేలుకొండి గెల గల నాగదంతి జాతి (హీలియోట్రోపియం) వీటిలో ముఖ్యమైనది. 1970ల మధ్యకాలంలో ఆఫ్ఘనిస్తాన్‌లోని హెరాత్ రాష్ట్రం గుల్‌రాన్ ప్రాంతంలో రెండేళ్ళ కరవు తరువాత ఈ జాతి కలుపు గోధుమ చేలలో విస్తరించి, దాని గింజలు పిండిలో కలిశాయి. సుమారు 7,200 మందిని పరీక్షించగా అయిదవ వంతుకు పైగా ప్రజలలో కాలేయ వ్యాధి కనబడినట్లు 1976లో ప్రకటితమయింది. పొట్టలు ఉబ్బి ఎందరో మరణించారు. 2007-08లో అదే ప్రాంతంలో ఆ వ్యాధి మళ్ళీ వచ్చింది. ఆ కలుపును అక్కడివారు చర్మక్ అంటారు. ఆ హెరాత్ ప్రాచీన ఖురాసాన్‌లోనిదే. ఇబ్ను సీనా మేలైన మందు దొరుకుతుందన్న నేల మీదనే అదే కుటుంబపు మరొక మొక్క ఊళ్ళకు ఊళ్ళను రోగగ్రస్తం చేసింది.

కనుక గరుకు ఆకు కనబడగానే గావ్‌జబాన్ దొరికిందని కోసుకుని కషాయం కాచుకోవడం తగదు. మందుగా వాడదలచినవారు తెలిసిన హకీమును అడిగి, పరీక్ష జరిగిన సరుకును మాత్రమే తీసుకోవాలి. కాలేయ వ్యాధి ఉన్నవారు, గర్భవతులు మరింత జాగ్రత్త వహించాలి.

నావంటి అనువాదకులకు కూడా ఇందులో పాఠమున్నది. యునానీ గ్రంథాలు తెలుగులోకి రావాలి, వస్తున్నాయి. అయితే మూలికల పేర్లను అర్థం పట్టుకుని తెలుగు చేయకూడదు. మూలంలోని పేరును ఉన్నదున్నట్లు ఉంచాలి. దాని పక్కన శాస్త్రీయ నామం, గుర్తుపట్టే ఆనవాలు, తెలిసినట్లయితేనే స్థానిక నామం ఇవ్వాలి. తెలియనప్పుడు ఇస్తిఫాన్ చేసినట్లు ఆ స్థలాన్ని తరువాతివారికి వదలిపెట్టాలి. అనువాదం ఒక అమానత్. అందులో ఒక మాట తప్పితే ఆ తప్పు పుస్తకంలోనే ఆగదు, రోగి కడుపులోకి పోతుంది. నా పుస్తకంలో గోజిహ్వ అన్న ప్రతిచోటా ఆ మాట కొట్టివేసి, గావ్‌జబాన్ అని తిరిగి వ్రాశాను. కింద ఇబ్ను సీనా చెప్పిన చుక్కల ఆనవాలు చేర్చాను. దిద్దిన ప్రతిని హకీమ్ సాహెబ్‌కు చూపించిన తరువాతే అచ్చుకు పంపాను.