మార్షల్ అర్జన్ సింగ్: 98 ఏళ్ల నిండు జీవితం

భారత వాయుసేనలో ఐదు నక్షత్రాల హోదా అందుకున్న ఏకైక అధికారి మార్షల్ అర్జన్ సింగ్. ఆయన 1919 ఏప్రిల్ 15న అవిభక్త పంజాబ్‌లోని లాయల్‌పూర్‌లో సైనిక కుటుంబంలో జన్మించారు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రంగాన ఒకటో స్క్వాడ్రన్‌కు నాయకత్వం వహించి, 1944లో డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పొందారు. 1947 ఆగస్టు 15న ఎర్రకోట మీదుగా సాగిన విమాన శ్రేణికి ఆయనే సారథి.

1964లో వాయుసేనాధిపతి అయ్యారు. 1965 సెప్టెంబరు 1న ఛాంబ్ రంగంలో పాకిస్థాన్ ట్యాంకులు చొచ్చుకువచ్చినప్పుడు, రక్షణమంత్రి యశ్వంతరావు చవాన్ అనుమతించిన గంటలోపే యుద్ధవిమానాలను పంపారు. అదే ఏడాది పద్మవిభూషణ్ లభించింది. పదవీ విరమణానంతరం స్విట్జర్లాండ్‌లో రాయబారిగా, కెన్యాలో హైకమిషనర్‌గా, ఢిల్లీ లెఫ్టినెంట్ గవర్నర్‌గా సేవలందించారు. 2002లో మార్షల్ హోదా వరించింది.

1948లో తేజీని వివాహమాడారు. వారికి ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు. ఢిల్లీ సమీపంలోని తమ వ్యవసాయ క్షేత్రాన్ని విక్రయించి, 2 కోట్ల రూపాయలతో మాజీ వాయుసైనికుల సంక్షేమానికి ఆ దంపతులు ట్రస్టు నెలకొల్పారు. 2011లో తేజీ కన్నుమూశారు.

2015 జులైలో మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలామ్ భౌతికకాయం ఢిల్లీ చేరినప్పుడు, 96 ఏళ్ల అర్జన్ సింగ్ చక్రాల కుర్చీలో వచ్చారు. పార్థివదేహం ముందు మాత్రం లేచి నిలబడి సైనిక వందనం చేశారు. 2017 సెప్టెంబరు 16న ఆయన తుదిశ్వాస విడిచారు. పశ్చిమ బెంగాల్‌లోని పానాగఢ్ వైమానిక స్థావరం ఆయన జీవించి ఉండగానే ఆయన పేరును ధరించింది.