జైలు లోపలి చదువరులు

సంగారెడ్డి పాత జైలును 1796లో కట్టారు. 2012లో ఖైదీలను కందిలో కట్టిన కొత్త జైలుకు తరలించారు. 2016లో పాతదాన్ని మ్యూజియం చేసి, ఐదు వందల రూపాయలు కడితే ఒక రోజంతా ఖైదీలా ఉండనిచ్చే 'ఫీల్ ద జైల్' మొదలుపెట్టారు. ఖద్దరు బట్టలు, స్టీలు పళ్లెం, జైలు తిండి ఇచ్చేవారు. ఫోను లోపలికి రానిచ్చేవారు కాదు. పొద్దు గడవడం ఎంత కష్టమో ఆ ఒక్క రోజులోనే తెలిసొచ్చేది. అలాంటి పొద్దుల్ని ఏళ్ల తరబడి గడిపినవాళ్లు ఏం చదివారు, ఏం రాశారు అన్నది మన జైళ్ల చరిత్రలో సగం.

ఇదే జిల్లా జోగిపేటలో 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. ఊళ్లో గ్రంథాలయం పెట్టుకోవడాన్ని కూడా సర్కారు అనుమానంగా చూసిన కాలమది. పుస్తకం పట్టుకుని తిరిగినవాళ్లు జైలుదాకా వెళ్లడంలో వింతేమీ లేదు.

వట్టికోట ఆళ్వారుస్వామి అలా వెళ్లినవారే. వంటపని, హోటలు పని చేస్తూ చదువు నేర్చుకున్నారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చేసిన పుస్తకాలను స్వయంగా మోసుకుంటూ తిరిగి అమ్మారు. క్విట్ ఇండియా రోజుల్లో ఒకసారి, ఆ తర్వాత మరోసారి ఏళ్లపాటు ఆయన జైల్లో ఉన్నారు. నిజామాబాద్ ఖిల్లా జైల్లో ఆయనకు తోడుగా ఉన్నది యువకవి దాశరథి. కాగితం, కలం దొరకని చోట దాశరథి పళ్లు తోముకునే బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశారు. గోడ మీద రాసింది ఎవరైనా తుడిచేస్తే పోతుంది. పక్కనున్నవాళ్లు చదివి నోటికి పట్టుకుంటేనే మిగులుతుంది. అక్కడ పాఠకుడే పుస్తకం కావాలి. 1949లో వచ్చిన 'అగ్నిధార'ను దాశరథి ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు.

ఈ బొగ్గు రాతల కథ తెలంగాణలో చాలామందికి తెలుసు. ఆళ్వారుస్వామి జైల్లో చేసిన మరో పని మాత్రం అంతగా చెప్పుకోరు. తోటి రాజకీయ ఖైదీల మీదే కాక, దొంగతనాలకీ హత్యలకీ శిక్షపడిన మామూలు ఖైదీల మీద ఆయన చూపు నిలిచింది. వాళ్లు అక్కడికెలా వచ్చారు, అవకాశమొస్తే ఏమయ్యేవాళ్లు అని ఆలోచించి రాసిన కథలే 'జైలు లోపల' సంపుటి. అందులో ఒక కథ పేరు 'మెదడుకు మేత'. కడుపుకు కొలత ప్రకారం తిండి పెట్టే జైలు, మెదడుకు ఏం పెడుతోందన్న ప్రశ్న ఆ పేరులోనే ఉంది. తెలుగు జైలు సాహిత్యంలో ఇంత ముఖ్యమైన ప్రశ్న మరొకటి లేదు.

అంతకుముందు మద్రాసు రాష్ట్రపు తెలుగువాళ్లకు వెల్లూరు జైలు ఉండేది. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' రాసింది అక్కడే. 1908లో రాజద్రోహం కేసులో జైలుకెళ్లిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు, తర్వాతి జీవితాన్ని గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ ఇచ్చేశారు.

హైదరాబాద్‌లో ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉన్నచోట ఒకప్పుడు ముషీరాబాద్ జైలు ఉండేది. 1980ల్లో అక్కడున్న కవి వరవరరావు జైలు అనుభవాలను 'సహచరులు' వ్యాసాలుగా రాశారు. కెన్యా రచయిత గూగీ వా థియాంగో నవలను 'మట్టికాళ్ల మహారాక్షసి'గా తెలుగు చేసిందీ జైల్లోనే. ఆ నవలను గూగీ 1978లో కామిటీ జైల్లో టాయిలెట్ కాగితం మీద తన గికుయు భాషలో రాసుకున్నారు. ఒక జైల్లో పుట్టిన పుస్తకం సముద్రం దాటొచ్చి మరో జైల్లో తెలుగైంది. రాజకీయాల్లో ఎవరు ఎటువైపున్నా, ఒక ఖైదీ రాసిందాన్ని మరో ఖైదీ అంత శ్రద్ధగా చదివాడన్నది మరిచిపోలేని సంగతి.

ఖైదీ రాత బయటికి రావడానికి కోర్టుల దాకా వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. బొంబాయిలో నిర్బంధంలో ఉన్న ప్రభాకర్ సంజ్‌గిరి జైల్లో అణువు గురించి మరాఠీలో సైన్సు పుస్తకం రాస్తే, దాన్ని అచ్చుకు పంపడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. పంపనివ్వాల్సిందేనని 1965లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇదంతా చదువుకున్నవాళ్ల చరిత్ర. వేలిముద్ర వేసి లోపలికొచ్చే ఖైదీల సంగతి వేరు. వాళ్ల కోసం తెలంగాణ జైళ్లశాఖ 'విద్యాదానం' నడిపింది. చదువొచ్చిన ఖైదీలు రానివాళ్లకు అక్షరాలు నేర్పేవారు. చర్లపల్లి జైల్లో అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అధ్యయన కేంద్రం ఉంది. శిక్షపడ్డవాళ్లు డిగ్రీ దాకా చదువుకోవచ్చు. బ్రెజిల్ ఇంకో అడుగు ముందుకేసింది. 2012 నుంచి అక్కడి ఫెడరల్ జైళ్లలో ఒక పుస్తకం చదివి దాని గురించి రాస్తే శిక్షలో నాలుగు రోజులు తగ్గిస్తారు. ఏడాదికి పన్నెండు పుస్తకాలు, నలభై ఎనిమిది రోజులు. ఆ పద్ధతి మన దగ్గరా పెట్టాలి.

సంగారెడ్డి ఖైదీలను తరలించిన కంది జైలునే తీసుకుందాం. ఇదే జిల్లాలోని పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లలో ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. వాళ్లలో ఎవరైనా కేసులో ఇరుక్కుని రిమాండుకు వస్తే, ఊరు దూరం, ములాఖత్‌కు వచ్చే దిక్కుండదు. ఇలాంటిచోట జైలు లైబ్రరీలో తెలుగు, ఉర్దూ పుస్తకాల పక్కనే హిందీ, ఒడియా అర కూడా ఉండాలి. అక్షరాలు నేర్పడానికి తెలుగు పలకతో పాటు వాళ్ల భాష పలక కూడా కావాలి. పాత జైలు మ్యూజియంలో 'జైలు లోపల' ప్రతి ఒకటి పెడితే, చూడ్డానికి వచ్చినవాళ్లు కాసేపు కూర్చుని చదువుకోవచ్చు.